పంక్తిలో మిక్కీ: ఓర్లాండో వెళ్ళేవారికి ఉచిత సలహాలు

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు ఎప్పుడో ఒక వేసవిలో ఓర్లాండో దారి పట్టక తప్పదు. ఊరి నుంచి అమ్మానాన్నా వచ్చి ఉంటారు, పిల్లలకి బడి ఉండదు, ఆఫీసులో వాడుకోని సెలవులు మురిగిపోతుంటాయి. విమానం టికెట్లూ, హోటలూ, అద్దె కారూ, మనిషికి రోజుకు 100 డాలర్లు దాటిన డిస్నీ వరల్డ్ టికెట్లూ కొనేసి, ఇక పర్సు మూసేద్దాం అనుకునే వేళకి ఒక ధర్మసందేహం వచ్చి కూర్చుంటుంది. క్యారెక్టర్ డైనింగ్‌కి వెళ్ళాలా, మానాలా?

ఎరగనివాళ్ళ కోసం ఒక్క మాట. మన పెళ్ళిళ్ళలో బంతి సాగుతుండగా పెళ్ళికూతురి తండ్రి పంక్తి వెంట నడుస్తూ, "బావగారూ, మీకు గారె పడలేదు, పెరుగు రానివ్వండి" అని విస్తరి విస్తరి దగ్గరా ఆగుతాడు చూడండి, అదే ఇది. ఆ పెద్దమనిషి బదులు మిక్కీ వస్తాడు, గూఫీ వస్తాడు, సిండ్రెల్లా వస్తుంది. తేడా ఎక్కడంటే, ఇక్కడ చదివింపులకి రేటు ముందే రాసి ఉంటుంది. పెద్దవాళ్ళకి చోటును బట్టీ పూటను బట్టీ సుమారు 50 నుంచి 80 డాలర్ల పైచిలుకు.

ఇలాంటిది నిదానంగా కూచుని, ఇంట్లో వాళ్ళ వయసులూ ఓపికలూ చూసుకుని తేల్చుకోవాలని చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళ జోలికి పోకండి. మనవాళ్ళు దీన్ని ఎలా తేల్చుకుంటూ వస్తున్నారో దగ్గరుండి చూసినవాణ్ణి. ఆ సంప్రదాయాన్ని పొల్లుపోకుండా ఇక్కడ పొందుపరుస్తున్నాను.

పిల్లల్ని అడిగే పని పెట్టుకోకండి

ఇదంతా వాళ్ళ కోసమే కదా, వాళ్ళనే అడిగితే పోలా అనిపిస్తుంది. పోతుంది, మొత్తం పోతుంది. ఏడేళ్ళ పిల్లని కూచోబెట్టి "మిక్కీతో భోంచేస్తావా, మధ్యాహ్నమంతా హోటల్ స్విమ్మింగ్ పూల్‌లో ఆడుకుంటావా" అని అడిగి చూడండి. ఊపిరి తీసుకోకుండా పూల్ అంటుంది. మీరు ఆఫీసు పని మానుకుని తయారుచేసిన ఎక్సెల్ షీటు ఏం కావాలి?

అడగవలసింది తోడికోడల్ని. ఆవిడ పోయినేడు వెళ్ళొచ్చింది. ఆవిడ కూతురు సిండ్రెల్లా గౌను కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడ్డ ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పడ్డ రోజే మీ ఇంట్లో నిర్ణయం జరిగిపోయింది. ఆ కబురు మీకు అందడమే ఆలస్యం.

విజయవాడ నుంచి మేనల్లుడు కూడా వచ్చి ఉంటే ఇంకా మంచిది. వాడికి తెలిసిన వీరుడు ఛోటా భీమ్, హైదరాబాద్‌లో పుట్టిన బొమ్మ. కాబట్టి వాణ్ణి మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులోని క్రిస్టల్ ప్యాలెస్ అనే భోజనశాలకి తీసుకెళ్ళండి. అక్కడికి పూ అనే ఎలుగుబంటి, టిగర్ అనే పులి, ఈయోర్ అనే దిగులు గాడిద వస్తాయి. వాడు ఒక్కొక్కరినీ చూసి "వీళ్ళెవరు అత్తయ్యా" అని అడుగుతుంటాడు. మీరు గుక్క తిప్పుకోకుండా కథలు చెబుతుంటారు. ప్లేట్లో అన్నీ చల్లారిపోతాయి.

వయసుకి ముహూర్తం

మూడు నిండని పిల్లలకి ఈ విందులో డబ్బు తీసుకోరు. మూడు నుంచి తొమ్మిదేళ్ళ దాకా పిల్లల రేటు. పదో పుట్టినరోజు దాటిందా, డిస్నీ లెక్కలో వాడు పెద్దవాడే. ఓటు హక్కు ఒక్కటే తక్కువ.

దీన్ని బట్టి రెండు దివ్యమైన ముహూర్తాలు. మొదటిది మూడో పుట్టినరోజుకి వారం ముందు. డబ్బు కలిసొస్తుంది. ఆ వయసువాడికి మిక్కీ అంటే ఐప్యాడ్‌లో ఎగిరే వేలెడు బొమ్మ. ఆ బొమ్మ నిలువెత్తు మనిషై, గుమ్మడికాయంత తలతో, కదలని నవ్వుతో మీదికి వంగితే ఏమవుతుందో వాడు ఊహించలేదు, మీరూ ఊహించకండి. రెండోది పదో పుట్టినరోజు అయిన వారానికి, పుట్టినరోజు కానుక పేరుతో. వాడు మిక్కీ ఆకారంలో పోసిన వాఫుల్స్ రెండు తిని, చెవులు మిగిల్చి, అర గ్లాసు జ్యూస్ తాగి లేస్తాడు. ఆ పూటకి పెద్దవాళ్ళ రేటు.

ఈ రెండింటికీ మధ్య, నాలుగు నుంచి ఏడేళ్ళ దాకా, కొన్నాళ్ళు ఉంటాయి. వచ్చింది నిజం మిక్కీయేనని నమ్మే కాలం అది. తన పేరు మిక్కీకి తెలుసా లేదా అని రాత్రంతా ఆలోచించే కాలం. ఆ రోజుల్లో మాత్రం "ఇంకాస్త పెద్దదవనీ, గుర్తుంటుంది" అని వాయిదా వేయండి. తొమ్మిదో ఏట తీసుకెళ్తే బల్ల దగ్గరికి వచ్చిన మిక్కీని ఎగాదిగా చూసి, "లోపల మనిషికి ఉక్కపోయదా డాడీ" అని గట్టిగా అడుగుతుంది. మీరన్నట్టే జన్మంతా గుర్తుంటుంది.

చోటు ఎంచుకోవడం

ఎక్కడికి ఎవరొస్తారో ముందే చూసుకోవడం పిరికివాళ్ళ పని. పేరు చూసి దూకాలి.

ఉదాహరణకి ఎల్సా. 2013లో ఫ్రోజెన్ వచ్చిన నాటి నుంచి మన ఇళ్ళలో ఆడపిల్లల అలమరాలు నీలం గౌన్లతో నిండిపోయాయి. ఎప్‌కాట్ పార్కులో నార్వే మంటపం ఉంది, అందులో ఆకెర్షూస్ అనే రాజకుమార్తెల విందు ఉంది. మంచు దేశం, రాజకుమార్తెలు, ఇంకేం కావాలి, ఎల్సా అక్కడే ఉండితీరాలి. పిల్లకి గౌను తొడిగి, జడ ఒక పక్కకి వేసి, తీసుకెళ్ళండి. లోపల బెల్, స్నో వైట్, ఏరియల్ వంటివాళ్ళు ఎంతో ఆప్యాయంగా వచ్చి పలకరిస్తారు. పిల్ల మాత్రం ప్రతివాళ్ళ భుజం మీదుగా వెనక్కి చూస్తుంటుంది. ఎల్సా రాదు. ఎల్సా, ఆనా అదే మంటపంలో నాలుగడుగుల అవతల రాయల్ సోమర్‌హూస్ అనే ఇంట్లో కొలువుంటారు. అక్కడ అన్నం పెట్టరు, లైను ఉంటుంది, పార్కు టికెట్ తప్ప ఇంకో డాలరు అక్కర్లేదు. మీరు భోజనం బిల్లు కట్టి బయటికొచ్చి, ఏడుస్తున్న పిల్లతో ఆ లైనులో నిలబడండి. రెండు పుణ్యాలూ దక్కుతాయి.

నిజానికి పేర్లకీ చోట్లకీ పొంతన ఉండాలన్న పట్టింపు డిస్నీ వాళ్ళకే లేదు. మ్యాజిక్ కింగ్‌డమ్ నడిమధ్య 189 అడుగుల సిండ్రెల్లా కోట ఉంది కదా, పార్కు తెరిచిన 1971 నుంచీ ఉంది. దానిలోని భోజనశాలకి 1997 దాకా కింగ్ స్టీఫన్ పేరు పెట్టి నడిపారు. స్టీఫన్ మహారాజు సిండ్రెల్లాకి ఏమీ కాడు. ఆయన స్లీపింగ్ బ్యూటీ నాన్న. పాతికేళ్ళ పాటు ఒకరింట్లో ఇంకొకరి నాన్న పేరుతో బంతులు లేపారు, ఎవరూ తప్పు పట్టలేదు.

షెఫ్ మిక్కీస్ సంగతి చూద్దాం. ఇది పార్కులో లేదు, పక్కన కాంటెంపరరీ అనే హోటల్లో ఉంది. హోటల్ పొట్టలోంచి మోనోరైలు దూసుకుపోతుంటుంది, దాని కింద భోజనాలు. హోటళ్ళలో జరిగే ఈ విందులకి పార్కు టికెట్ అక్కర్లేదు. కాబట్టి తెలివితక్కువ వాళ్ళు ఊళ్ళో దిగిన రోజో, పార్కుకి సెలవిచ్చిన రోజో వెళ్ళి తీరిగ్గా తినొస్తారు. మీరు అలా చేయకండి. పార్కు టికెట్ కొన్న రోజునే, పొద్దున్నే లైన్లు ఖాళీగా ఉండే వేళకి రిజర్వేషన్ పెట్టుకోండి. అందరూ సవారీలు ఎక్కేసి వచ్చే సమయానికి మీరు చేతులు కడుక్కుని లోపలికి వెళ్తారు. అప్పటికి ఎండ నడినెత్తికొస్తుంది, లైన్లు మలుపులు తిరుగుతాయి, కడుపు నిండా తిన్నందుకు పిల్లాడికి తిరిగే సవారీ ఎక్కగానే వికారం పెడుతుంది.

ఎప్‌కాట్‌లోని గార్డెన్ గ్రిల్‌ని మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఆ హోటలు మొత్తం నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతుంది, తిండి బల్ల దగ్గరికే తెచ్చి కావలసినంత వడ్డిస్తారు, మిక్కీ, ప్లూటో, చిప్, డేల్ కూడా బల్ల దగ్గరికే వస్తారు. మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మ కుర్చీలోంచి లేవనవసరమే ఉండదు. అంత సుఖంగా ఉంటే డబ్బు ఖర్చుపెట్టినట్టు ఎలా తెలుస్తుంది?

రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుస్తారు. డిస్నీ హోటళ్ళలో దిగేవాళ్ళకి బస మొదలయ్యే రోజు నుంచి పది రోజుల దాకా ఒకేసారి చేసుకునే వీలుంది. తూర్పు తీరంలో తెల్లవారేసరికి వేట మొదలవుతుంది, కాలిఫోర్నియాలో ఉన్న అల్లుడుగారికి అది నడిజాము. పడుకోకండి. దొరికిన ప్రతిదీ, రోజుకొకటి చొప్పున పట్టేయండి, తర్వాత చూసుకోవచ్చు. చూసుకోరు. రద్దు చెయ్యకుండా ఎగ్గొడితే తలకి 10 డాలర్లు తీసుకుంటారు. ఆరుగురు కుటుంబం రెండు చోట్ల మరిచిపోతే 120 డాలర్లు, మెతుకు ముట్టకుండా.

బల్ల దగ్గర

ఇక అసలు ఘట్టం. బఫే ఉన్న చోట ఓపికున్నవాళ్ళందరూ ఒకేసారి లేవాలి. సర్వర్ వచ్చి "గూఫీ పక్క బల్ల దాకా వచ్చేశాడు" అని చెప్పిందా, సరిగ్గా అదే అదను. ప్లేట్లు పట్టుకుని కదలండి. ఒక్కో పాత్ర బల్ల దగ్గరికి మామూలుగా ఒక్కసారే వస్తుంది, ఆ ఒక్కసారీ మీరు పాస్తా దగ్గర ఉండాలి.

అప్పుడు బల్ల దగ్గర మిగిలేది నాయనమ్మ, రెండున్నరేళ్ళ మనవడు. గూఫీ వస్తాడు. నాయనమ్మకి అతనెవరో తెలియదు, కుక్కో గుర్రమో కూడా పోల్చుకోలేదు. అయినా ఇంటికొచ్చిన మనిషి నిలబడి ఉన్నాడు కనక ఆవిడ కుర్చీలో కొంచెం లేచి రెండు చేతులూ జోడించి నమస్కారం పెడుతుంది. గూఫీ ఒక్క క్షణం ఆగుతాడు. తన పెద్ద పెద్ద తెల్ల గ్లవుజుల చేతులు రెండూ దగ్గరికి తెచ్చి, నడుము దాకా వంగి, తిరిగి నమస్కారం పెడతాడు. పిల్లాడు కెవ్వుమని నాయనమ్మ భుజమెక్కి చీర కొంగు నోట్లో కుక్కుకుంటాడు. గూఫీ వెంటనే రెండడుగులు వెనక్కి వేసి, మొహం చేతుల్లో దాచుకుని, వేళ్ళ సందుల్లోంచి తొంగిచూస్తాడు. పిల్లాడు కొంగు కొంచెం కిందికి దించి తనూ తొంగిచూస్తాడు. నాయనమ్మ పకపకా నవ్వుతుంది. ఆవిడ ఈ దేశానికి వచ్చాక అలా నవ్వడం అదే మొదలు.

ఇదంతా ఫోటో తియ్యవలసిన ఫోను అబ్బాయిగారి జేబులో ఉంది, అబ్బాయిగారు రెండో ప్లేటు కోసం వరసలో ఉన్నారు.

ఉన్నట్టుండి షెఫ్ మిక్కీస్‌లో పాట మొదలవుతుంది, హాలంతా నాప్కిన్లు గాల్లో గిరగిరా తిప్పుతారు. తాతగారు మాత్రం తనది జాగ్రత్తగా మడిచి మోకాలి మీద వేసుకుంటారు. మూతి తుడుచుకునే గుడ్డ నెత్తి మీద తిప్పడమేమిటని ఆయన ప్రశ్న. సమాధానం చెప్పడానికి ప్రయత్నించకండి.

మిక్కీ మాట్లాడడు, మినీ మాట్లాడదు. ముసుగు తొడుక్కున్న పాత్రలన్నీ సైగలతోనే నెట్టుకొస్తాయి. రాజకుమార్తెలైతే చక్కగా మాట్లాడతారు, పిల్ల పేరు అడుగుతారు, గౌను మెచ్చుకుంటారు. కాబట్టి రాజకుమార్తె వచ్చినప్పుడు పిల్ల నోరు తెరవకముందే మీరే అందుకుని మీరు ఎక్కడి నుంచి వచ్చారో, ఎన్నాళ్ళు ఉంటారో చెప్పేయండి. మిక్కీ వచ్చినప్పుడు మాత్రం "ఒక్క ముక్క మాట్లాడమనవే" అని పిల్లని వెనక నుంచి పొడవండి.

తిండి

అత్తగారు శనివారం ఒంటిపూట ఉంటారా? విందు శనివారం రాత్రికి పెట్టండి. ఆవిడ నాలుగు పుచ్చకాయ ముక్కలూ, రెండు అనాసముక్కలూ తింటారు. బఫేలో తలకింత అని లెక్క, ముక్కకింత అని కాదు. మామగారు ఉల్లీ వెల్లుల్లీ తినరన్న సంగతి రిజర్వేషన్‌లో రాయకండి. రాస్తే వంటమనిషి స్వయంగా బల్ల దగ్గరికి వచ్చి ఏది తినవచ్చో ఏది కూడదో చెబుతాడు, అవసరమైతే వేరే చేసి పెడతాడు. అంత మర్యాద మనకి పడదు. వెళ్ళాక ప్రతి పళ్ళెం దగ్గరా నిలబడి "ఇందులో మాంసం ఉందేమో" అని అనుమానపడటంలో ఉన్న మజా అందులో లేదు.

పార్కుల్లోకి బయటి తిండి తెచ్చుకోనిస్తారన్న విషయం ఇంట్లో పొక్కనివ్వకండి. గాజు సీసాలు కూడదు, మద్యం కూడదు, వేడిచెయ్యవలసినవీ ఘాటు వాసన వేసేవీ కూడదు, అంతే. ఆ లెక్కన పులిహోరకి ఏ అడ్డూ లేదు. కౌంటర్లలో అడిగితే ఐసు వేసిన మంచినీళ్ళు ఊరికే ఇస్తారు. ఈ రెండూ అమ్మకి తెలిశాయంటే మర్నాటి నుంచి హోటల్ గదిలో ఎలక్ట్రిక్ కుక్కర్ కూత పెడుతుంది, మీ క్యారెక్టర్ డైనింగ్ గాలికి పోతుంది.

సానా పేరు కూడా ఎత్తకండి. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే హోటల్లో ఉందది. నాన్లు, కుల్చాలు, వాటితో నంజుకోవడానికి తొమ్మిది రకాలు తెచ్చిపెడతారు, కిటికీలోంచి చూస్తే జిరాఫీలూ చారల గుర్రాలూ మేస్తుంటాయి. ముసుగు తొడుక్కున్నవాళ్ళెవరూ రారు. తాతగారు అన్నం మాట మరిచిపోయి నాన్ ముక్క చేత్తో పట్టుకుని జిరాఫీని చూస్తూ ఉండిపోతారు. ఫ్యామిలీ గ్రూపులో జిరాఫీ ఫోటోకి ఎన్ని లైకులొస్తాయి చెప్పండి?

బిల్లు

లెక్క ముందే వేసుకోకూడదు. వేసుకుంటే ఇలా ఉంటుంది. పెద్దవాళ్ళు నలుగురు, తలకి 65 అనుకుందాం, 260. ఏడేళ్ళ పిల్లకి 40. చంటాడికి సున్నా. మొత్తం 300. పన్ను ఆరున్నర శాతం, పందొమ్మిదిన్నర డాలర్లు. ఆరుగురూ అంతకు మించీ ఉన్న బల్లకి 18 శాతం టిప్పు వాళ్ళే కలిపేస్తారు, అది 54. వెరసి 373 డాలర్ల పైమాట. బిల్లు కింద టిప్పు రాయడానికి ఇంకో ఖాళీ గీత కూడా ఉంటుంది. పైన ఏం కలిపారో చదవకుండా ఆ గీత మీద మళ్ళీ 60 వేసేయండి, సర్వర్ మిమ్మల్ని ఎప్పటికీ మరిచిపోదు.

ఇదంతా సంతకం అయ్యాక, అందరూ కుర్చీల్లోంచి లేవకముందు, తాతగారికి వినబడేలా రూపాయల్లోకి మార్చండి. 30,000 దాటుతుంది. ఆ సంఖ్య విన్నాక తాతగారు మిగిలిన ప్రయాణమంతా మంచినీళ్ళ సీసా కూడా కొననివ్వరు. అక్కడ కొంత ఆదా.

ఇప్పుడు ఆ డబ్బు గిట్టించుకోవాలి. 65 డాలర్ల తిండి తినడం మానవమాత్రులకి సాధ్యం కాదు, అయినా ప్రయత్నించడం ధర్మం. ప్రతి పళ్ళెంలోంచీ కొంచెం, ఖరీదైనదాంట్లోంచి ఇంకొంచెం. కొందరు దుర్మార్గులు వేరే లెక్క చెబుతారు. మిక్కీనీ, మినీనీ, గూఫీనీ, డొనాల్డ్‌నీ విడివిడిగా కలవాలంటే పార్కులో ఒక్కొక్కరి కోసం ఒక్కో లైనులో పిల్లల్ని చంకనేసుకుని నిలబడాలి; ఇక్కడ గంటన్నర సేపు ఏసీలో, కుర్చీలో కూచుంటే వాళ్ళే ఒకరి వెనక ఒకరు వస్తారు; కాబట్టి మీరు కొన్నది తిండి కాదు, ఆ కుర్చీ, ఆ చల్లదనం, ఆ లైను లేకపోవడం; అది మీ ఇంటికి అవసరమైతే వెళ్ళండి, ఒక్క మిక్కీని చూస్తే చాలనుకుంటే మ్యాజిక్ కింగ్‌డమ్ గేటు దాటగానే టౌన్ స్క్వేర్ థియేటర్‌లో పార్కు టికెట్ మీదే కనబడతాడు, అని వాళ్ళ వాదన. ఇలా మాట్లాడేవాడు బఫేలో రెండోసారి ప్లేటు పట్టుకోడు. అలాంటివాణ్ణి కుటుంబ వ్యవహారాల్లో ఎలా నమ్ముతాం?

తిరిగొచ్చాక

ఎవరో ఒకరు అడుగుతారు, వచ్చే నెలలో వెళ్ళబోయేవాళ్ళు. "అంత డబ్బు పెట్టొచ్చా అండీ?" పిల్లాడు ఏడ్చిన సంగతి, అత్తగారి పుచ్చకాయ ముక్కలు, ఎల్సా కోసం వెనక్కి చూసిన చూపులు, రెండుసార్లు వేసిన టిప్పు, ఏవీ చెప్పకండి. "లైఫ్‌టైమ్ మెమరీ అండీ, తప్పకుండా వెళ్ళండి" అనండి. మీ తోడికోడలు మీకు ఇచ్చిన జవాబూ అదే. ఎక్కడికి వెళ్ళమంటారని వాళ్ళు నొక్కి అడిగితే మాత్రం, మీరు వెళ్ళినదాని పేరు చెప్పకండి. సిండ్రెల్లా కోట చెప్పండి. అక్కడ రేటు ఇంకా ఎక్కువ.